పిట్టకు జానెడు ముందు

మొన్న సుక్మాలోని మా ఇంట్లో అటక దులుపుతుంటే పాత వీడియో గేమ్ పెట్టె, దాని నారింజ రంగు ప్లాస్టిక్ తుపాకి బయటపడ్డాయి. గోడకున్న పలుచటి కొత్త టీవీకి తగిలించి చూశాను. తెర మీద పిట్టలు ఎప్పటిలాగే ఎగిరాయి గాని, ఎంత గురిపెట్టి మీట నొక్కినా ఒక్కటీ రాలలేదు. వైరు మార్చి, దుమ్ము ఊది, ట్యూబులైటు ఆర్పి, ఏం చేసిందీ డైరీలో వరసగా రాసుకుంటూ పోయినా ఫలితం లేకపోవడంతో బజారులోని టీవీ మెకానిక్‌ని పిలిచాను. అతను ఒక్క చూపు చూసి నవ్వాడు. “అంకుల్‌జీ, టీవీ ఖరాబ్ గాలే, బందూక్ ఖరాబ్ గాలే. రెంటికీ జోడీ కుదరదు, అంతే.” కొత్త టీవీ బొమ్మను ఒక రవ్వ ఆలస్యంగా చూపిస్తుందట, ఆలోపే తుపాకి చూడడం ముగించేస్తుందట. తలూపాను గాని సగమే అర్థమైంది. ఈ తుపాకి నన్ను తికమక పెట్టడం ఇది మొదటిసారి కాదు.

అప్పట్లో నేను బచేలీ ఇనుప గనుల వర్క్‌షాపులో ఎలక్ట్రికల్ పనిలో ఉండేవాణ్ణి. జగదల్‌పూర్ నుంచి ఈ ఆట తెచ్చిన కొత్తలో, మా తరం వారికి గుర్తుండే ఉంటుంది, వీపు లావుగా ఉన్న టీవీ ముందు ఇల్లంతా చాప పరుచుకుని కూర్చునేది. ఇంట్లో అందరికన్నా గొప్ప వేటగత్తె నా భార్యే. ఒక చేత్తో గరిటె పట్టుకునే వచ్చి, ఇంకో చేత్తో రెండు పిట్టల్ని రాల్చి మళ్లీ పొయ్యి దగ్గరికి పోయేది.

ఆ రోజుల్లోనే ఎర్రబోరు నుంచి మా మేనమామ, అంటే నా భార్య తండ్రి, కళ్లు చూపించుకోవడానికి మా టౌన్‌షిప్ ఆసుపత్రికి వచ్చాడు. వాళ్ల ఊళ్లో విత్తులు చల్లేముందు జరిగే విత్తనాల పండుగకు అడవిలోకి వేటకు వెళ్లినప్పుడు మొదటి బాణం ఆయనదే. కొన్నాళ్లుగా ముసలాయన చూపు మందగించిందని ఊళ్లో గుసగుసలు మొదలయ్యాయి. నిజంగానే చూపు పోయి ఉంటే విల్లు తమ్ముడికి అప్పగించేయాలని ఆయన మనసులో ఉంది. డాక్టరు పరీక్షించి కళ్లు బాగున్నాయన్నాడు గాని, గోడ మీది బొమ్మలు చూపించి తేల్చిన ఆ పరీక్ష మీద మామకు నమ్మకం కుదరలేదు. “గోడ మీది బొమ్మలు ఎగురుతయా ఏంది? ఎగిరేదాన్ని గొడితెనే గద కన్ను ఎర్కయ్యేది!” అన్నాడు. అంటూనే టీవీలో ఎగిరే పిట్టల్ని చూసి తుపాకి అందుకున్నాడు.

ఎంత నెమ్మదిగా, ఎంత నిబ్బరంగా గురి చూశాడో చెప్పలేను. అయినా ఒక్కటీ పడలేదు. “నాయినా, పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నయ్, పిట్ట ఏది?” అని నా భార్య మొదట్లో ఆటపట్టించింది గాని, తండ్రి ముఖం చూశాక పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. ఆయన తుపాకిని చాప మీద పెట్టి, విల్లు తమ్ముడికే ఇచ్చేస్తానని మెల్లగా చెప్పి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎగిరే పిట్టను గాలిలోనే రాల్చే మనిషికి చాప మీద కూర్చుని టీవీలో పిట్ట దొరకకపోవడమేమిటో నా బుర్రకు ఎక్కలేదు.

మర్నాడు వర్క్‌షాపులో ఈ సంగతి చెబితే, మీటర్లు బాగుచేసే మా కోస్తా మిత్రుడు సాయంత్రం ఇంటికి వచ్చాడు. “అది తుపాకి కాదండీ బావగారూ, కన్ను. దాంట్లోంచి ఏదీ బయటికి పోదు” అంటూ తుపాకి మూతికి నల్ల టేపు అంటించాడు. నా భార్య ఎంత కాల్చినా పిట్ట పడలేదు. టేపు తీయగానే పడింది. మీట నొక్కిన క్షణంలో తెరంతా నల్లబడి, పిట్ట ఉన్నచోట మాత్రం తెల్లటి మచ్చ ఒకటి వెలిగి ఆరిపోతుందట. తుపాకి మూతిలోని కన్నుకు ఆ తెలుపు కనిపిస్తే పిట్ట చచ్చినట్టు, నలుపు కనిపిస్తే బతికినట్టు. తుపాకి టీవీని కాల్చదు, టీవీయే తుపాకికి కనబడుతుందన్న మాట నాకు తలకిందులుగా తోచింది.

పడుకునే ఇదంతా వింటున్న మామ అప్పుడు లేచి కూర్చున్నాడు. తాను పిట్ట మీద గురిపెట్టనే లేదని, బాణం చేరేలోపు అది ఎంత దూరం పోతుందో చూసుకుని జానెడు ముందు పెట్టానని చెప్పాడు. పుట్టి బుద్ధెరిగిననాటి నుంచి ఆయన చేతికి వచ్చిన పద్ధతి అదే. ముందున్నది ఒట్టి నలుపే కాబట్టి తుపాకికి ఏమీ కనబడలేదు. సరిగ్గా పిట్ట మీదే పెట్టి చూడమన్నాం. పెట్టాడు, పడింది. ఇంకొకటి పడింది. నా భార్య చప్పట్లు కొట్టింది. మామ మాత్రం వేడి గిన్నె ముట్టుకున్నట్టు తుపాకిని వదిలేశాడు.

“వద్దల్లుడా, ఇగ ముట్ట. దీనికి అలవాటు పడితె నా చెయ్యి ఖరాబైతది.”

గెలిచిన మనిషి ఎందుకు భయపడ్డాడో అప్పుడు నాకు అంతుపట్టలేదు. పొద్దున్నే సుక్మా బస్సెక్కి వెళ్లిపోయాడు. విల్లు సంగతి అడిగేలోపే బస్సు కదిలింది.

పండుగకు మేమూ ఎర్రబోరు వెళ్లాం. డప్పుల మోతకు పొదలోంచి అడవికోడి ఒకటి రివ్వున లేచింది. మామ విల్లు ఎక్కుపెట్టి, దానికి ముందున్న ఖాళీలోకి బాణం వదిలాడు. నాకు అది పక్కకు పోయినట్టే కనిపించింది. కోడే వచ్చి బాణానికి తగిలింది. గుసగుసలాడిన వాళ్లే ఆయన్ని భుజాల మీదికి ఎత్తుకున్నారు. దిగి వచ్చి నా పక్కన కూర్చుని, “నా బాణానికి కన్ను లేదల్లుడా, అందుకే నేనే చూస్కోవాలె” అన్నాడు. ఆయన పోయేదాకా మొదటి బాణం ఆయనదే.

ఆ తరువాత అడవిలో తుపాకుల పోరు ముదిరి, కాలం బాగాలేక ఆ దారులు మాకు చాలా ఏళ్లు మూసుకుపోయాయి. ఇప్పుడు బస్సులు నడుస్తున్నాయి, పండుగ కూడా మళ్లీ జరుగుతోంది. కాకపోతే ఇప్పుడు వేట లేదు, వేటాడదగినంత అడవీ లేదు. ఊరి చివర కొమ్మకు సొరకాయ వేలాడదీసి దాని మీదే మొదటి బాణం వేస్తారు. కుర్రవాళ్లు తిన్నగా సొరకాయకే గురిపెట్టి కొడతారు, డప్పులు మోగుతాయి. ఇది మంచికో కాదో నేను తేల్చుకోలేను. అందరితోపాటు నేనూ చప్పట్లు కొడతాను గాని, నా చూపు మాత్రం సొరకాయ మీద నిలవదు. దానికి జానెడు అవతల, ఏమీ లేని గాలిలోకి పోతుంది.