ఫ్యాన్ వెనక గరగర

సూర్యాపేటలో విజయవాడ రోడ్డు పక్కన కార్ల షెడ్డు పెట్టకముందు మత్తయ్య మిర్యాలగూడలో ఒక రైసు మిల్లు ఇంజను చూసుకునేవాడు. ఏళ్ల తరబడి ఆ మోత పక్కనే నిలబడడంతో చెవులు మెల్లమెల్లగా మందగించాయి. ఎదుటివాళ్ల పెదవులు చూసి మాట పట్టుకోవడం అలవాటు చేసుకున్నాడు. చెవులు పోయిన మెకానిక్ దగ్గరికి కార్లెవరు తెస్తారన్న భయంతో ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, భార్య జయమ్మకు కూడా. బానెట్ ఎత్తి, తల ఓ పక్కకు వంచి విన్నట్టే ముఖం పెట్టేవాడు. అరచెయ్యి ఇంజనుకు ఆనించి, అదురును బట్టి రోగం కనిపెట్టేవాడు. చాలాసార్లు సరిపోయేది.

పంతొమ్మిది వందల అరవై ఏడు ఎండాకాలంలో కోదాడ పాపయ్య తన పాత టాక్సీ తెచ్చాడు. ఇంజను చప్పుడు విని హుజూర్‌నగర్ పెళ్లివాళ్లు ఎక్కడానికి జంకారట. మత్తయ్య వాల్వుల సందులు సరిచేసి పంపాడు. వారం తిరక్కుండానే పాపయ్య మళ్లీ వచ్చాడు.

"చప్పుడు అట్లాగే ఉంది మత్తయ్యా. నీకు వినపడటం లేదా ఏంటి?" అని నవ్వి, చాయ్ తాగడానికి వెళ్లాడు.

పాపయ్య హాస్యానికే అన్నాడు, మత్తయ్య మాత్రం అలా తీసుకోలేదు. ఇంజను నడిపి మళ్లీ వాల్వుల దగ్గరే తడుముతున్నాడు గానీ, షెడ్డు మూసుకుంటే ఎట్లా బతకాలన్నదే మనసునిండా.

అంతలో జయమ్మ అన్నం గిన్నె తెచ్చింది. గిన్నె దించి, కారు ముందు కాసేపు నిలబడింది. తర్వాత మొగుడి భుజం పట్టి తనవైపు తిప్పుకుంది.

"నువ్వు మీద ఎతుకుతున్నవ్. గా సప్పుడు ముంగట, ఫ్యాన్ ఎనక ఉన్నది. శాటల బియ్యం చెరిగినట్టు గరగర అంటున్నది."

ఆమె ఒక్కొక్క మాటనూ విడదీసి, నోరు బాగా తెరిచి పలుకుతోంది. ఎప్పటినుంచి అలా మాట్లాడుతోందో అతనికి గుర్తు రాలేదు.

"నీకెర్కనా?" అన్నాడు.

"ఎన్నడో ఎర్క. నువ్వే చెప్తవని ఊకున్న. ఇగ తిను."

అన్నం తిని, రేడియేటర్ దించి, ముందరి మూత విప్పాడు. లోపల వాల్వులను వేళకు తెరిపించే టైమింగ్ చైను సాగి వదులై, పాత సైకిలు చైనులా వేలాడుతోంది. మూత లోపలివైపు రాసుకుని రాసుకుని అక్కడ ఇనుము తళతళలాడుతోంది. పాపయ్య రాగానే చైను చూపించాడు. ఆ వెంటనే తన చెవుల సంగతీ, చప్పుడు పట్టింది జయమ్మేనన్న సంగతీ చెప్పేశాడు. పాపయ్య కొత్త చైను విజయవాడలో దొరుకుతుందా అని మాత్రం అడిగి, మర్నాడే బస్సెక్కి వెళ్లి తెచ్చాడు.

రెండు పళ్ల చక్రాల మీది గుర్తులు ఎదురెదురుగా వచ్చేలా చూసి, మత్తయ్య చైను ఎక్కించాడు. ఒక్క పన్ను తప్పినా ఇంజను సరిగా నడవదు. అందుకే హ్యాండిల్‌తో నిదానంగా తిప్పి, గుర్తులు మళ్లీ కలిశాకే మూత బిగించాడు. స్టార్ట్ చేసి జయమ్మ వైపు చూశాడు. ఆమె వంగి విని, చప్పుడు లేదన్నట్టు చెయ్యి ఊపింది. మత్తయ్య అరచెయ్యి మూత మీద ఆనించాడు. కింద సన్నని అదురు, ఎక్కడా తట్టుకోకుండా.

పాపయ్య ఆ రెండు సంగతులూ దాచలేదు, కోదాడ టాక్సీ స్టాండంతా చెప్పాడు. బేరాలు మాత్రం తగ్గలేదు. అన్నం వేళకు వస్తే జయమ్మక్క కూడా ఉంటుందని డ్రైవర్లు ఆ సమయం చూసుకుని రావడం మొదలుపెట్టారు. జయమ్మ ఓ కర్రముక్క ఇంజనుకు ఆనించి, రెండో కొస చెవి దగ్గర పెట్టుకుని వినేది. వడ్లు దంచినట్టనో, పోపు చిటపటలాడినట్టనో చెప్పేది. అతను ఆ మాటను తన పనిలోకి మార్చుకునేవాడు. ఒకసారి నేరేడుచర్ల నుంచి వచ్చిన కారులో ఇంజనే పాడైందని ఆమె గట్టిగా చెప్పింది. పొద్దంతా విప్పి చూస్తే, మోగింది వదులైన నంబరు ప్లేటు. మత్తయ్య పగలబడి నవ్వాడు. ఆమె రెండు రోజులు షెడ్డుకే రాలేదు. మూడో రోజు అతనే వెళ్లి పిలుచుకొచ్చాడు.