చెప్పు అనండి మాస్టారూ

గోడకుర్చీ గుర్తుందా, మన ఏడో తరగతి వాళ్ళూ? ఇవాళ మన సంస్కృతం మాస్టారు నా పళ్ళ క్లినిక్‌కి వచ్చారు. ఆయన్ని చూడగానే నా తొడలు మళ్ళీ లాగాయి.

ఆ రోజు ఆయన సుద్దపొడి చేతులతో బోర్డు మీద రాశారు: పితృ, ఫాదర్. "సంస్కృతం, ఇంగ్లీషు ఒకే ఇంటి బిడ్డలర్రా! అక్కడ ప కాస్తా ఫ అయింది. అది తప్పు కాదు, భాషకుండే నియమం," అన్నారు.

నేను సంబరంగా లేచాను. "మేస్టారూ, మరి మా ఇళ్ళల్లో చ కాస్తా స అయిపోనాది గదా, సెప్పు, సూడు అని. అదీ నియమమేనేటి?"

"అది నియమం కాదే, మీ నోటి రోగం!"

నాతో గోడకుర్చీ వేయించారు. చెప్పు అని సరిగ్గా పలికేదాకా లేవొద్దన్నారు. భయానికి ప్రతిసారీ సెప్పు అనే వచ్చింది. మీరంతా నవ్వారు. అన్నం బెల్లు కొట్టినా కదలకుండా కూర్చుని మరీ నవ్వారు.

ఇవాళ ఆయన నోట్లో ఒక్క పన్ను లేదు. కొత్త కట్టుడుపళ్ళు నా చేతిలో ఉన్నాయి. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

"ఎలా పెట్టుకోవాలో సెప్పమ్మా," అన్నారు.

"సెప్పు కాదు మాస్టారూ, చెప్పు. అనండి."

ఆయన తెల్లబోయి నన్ను చూశారు. బోసినోరు కష్టంగా కదిలింది. "సె... సెప్పు."

పక్కనున్న నర్సు పకపకా నవ్వింది, అచ్చం మీలాగే.

కట్టుడుపళ్ళ మీద గుప్పిట బిగించి, "మళ్ళీ అనండి," అన్నాను.