జంగయ్య సారు శనివారం గోలి

మా జంగయ్య సారు ఇక లేరన్న వార్త నాకు బడిలో, పాఠం మధ్యలో అందింది. ఫోనులో ఆయన బామ్మర్ది రాములు. "సారు పోయిండు పంతులూ. పొద్దుగాల చాయ్ తాగుకుంటనే గుండె పట్టుకున్నడు. దవాఖానకు తీస్కపోయేలోపే..." అని ఆగిపోయాడు. పిల్లలు ఏమైందని అడిగారు. ఇరవై మాటలు దొర్లించే చోట ఒక్క మాట చాలదా అని నన్ను దెప్పిపొడిచే మనిషి పోయినరోజు, తెలుగు పంతులునైన నాకు ఆ ఒక్క మాటా దొరకలేదు.

పానగల్‌లోని ఆయన ఇల్లు చేరేసరికి టెంటు వేసి ఉంది, కుర్చీలు వేసి ఉన్నాయి, కుర్చీల నిండా వైద్యులు కూర్చుని ఉన్నారు. వైద్యం చదివినవారని కాదు. మన దగ్గర చావింటి కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ వైద్యుడే. "గా ఇంగ్లీషు గోలీలే తిన్నయి సారును" అన్నాడొకడు. "వంకాయ బంద్ చెయ్యమని ఎంత మొత్తుకున్నా ఇనలే" అన్నాడు ఇంకొకడు. సారుకున్న కీళ్లవాతం కీళ్లతో ఊరుకోదని, గుండె మీద కూడా కన్నేస్తుందని హైదరాబాదు డాక్టరమ్మ ఏనాడో చెప్పిందనీ, ఆ గోలీలే ఆయన్ని ఇన్నేళ్లు నిలబెట్టాయనీ చెప్పబోయాను. "నీకేం ఎరుక పంతులూ" అన్నారు. శవం వాకిట్లో ఉండగానే మూర్ఖత్వానికి ఇంత గొంతు ఎక్కడి నుంచి వస్తుందో నాకు అర్థం కాదు.

సారు బతికి ఉంటే ఆ కుర్చీలవైపు ఒక్క చూపు చూసి "హుఁ" అనేవారు. ఆ హుంకారం ముందు హెడ్మాస్టర్లు, సర్పంచులు కూడా మాట మింగేవారు. ఇప్పుడాయన లేరు గనుక ఆ పని నా మీద పడింది.

గొర్ల మందల వెంట తిరిగిన ఇంట్లో పుట్టి, కబడ్డీ కూతతో జిల్లా జట్టులోకి ఎదిగి, వ్యాయామోపాధ్యాయుడై మా బడికి వచ్చిన మహాకాయుడు ఆయన. యాభైకి చేరువవుతున్న వయసులో ఒకనాటి పొద్దున ఆయన పిడికిలి మూతపడలేదు. నిద్ర లేచాక చాలాసేపటిదాకా వేళ్లు కట్టెల్లా ఉండేవట. బొత్తాలు పెట్టుకోలేక చొక్కాలు మానేసి, రోజూ మెడలోంచి దూర్చుకునే బనీన్ల మీదే బడికి రావడం మొదలుపెట్టారు. ఆటల మాస్టరు కదా అనుకున్నాం. ఆ సంగతి మాలో ఒక్కరమూ కనిపెట్టలేదు, అంతటి సూక్ష్మబుద్ధులం మేము. తెలిశాక జనం అన్న మాట ఇంకా గొప్పది: "గిది ఆడోళ్ల బీమారి గద సారూ, నీకెట్ల అచ్చింది?" సారు ఆ మాటకు కూడా సిగ్గుపడ్డారు కొంతకాలం. మగవాడికి నొప్పి ఉండకూడదు, ఉన్నా చెప్పకూడదు అన్న మన శాస్త్రం ఆయనకూ అబ్బింది. ఆ సిగ్గుతో ఆయన రెండు చేతుల వేళ్లూ ఒక పక్కకు ఒరిగిపోయేదాకా దవాఖాన గడప తొక్కలేదు.

తొక్కించింది ఆయన భార్య భారతమ్మ. డాక్టరమ్మ ఇచ్చిన మందుల్లో ముఖ్యమైనది వారానికి ఒక్కసారి మాత్రమే వేసుకునే గోలి. మరిచిపోతే నొప్పి, రోజూ మింగితే ప్రాణాపాయం. ఏ రోజు పెట్టుకోవాలన్నది ప్రశ్న. "శనివారం పెట్టుండ్రి, నా ఒక్కపొద్దు దినం గద" అన్నది భారతమ్మ. ఆమె శనివారపు ఉపవాసం ఆ ఇంట్లో సూర్యోదయమంత ఖాయం. ఇక ఆ గోలి తప్పిన వారం లేదు. రక్తపరీక్షకు పోవాల్సిన రోజు కూడా ఆమెకే తెలిసేది. నెమ్మది నెమ్మదిగా సారు పిడికిలి మూతపడింది. ఒరిగిన వేళ్లు మాత్రం ఒరిగే ఉన్నాయి.

గోలితో కల్లు కలిస్తే కాలేయం చెడుతుందని, కల్లు మానేయమన్నది డాక్టరమ్మ. నల్లగొండ మగవాడిని కల్లు మానమనడం ఎంతటి శిక్షో చదువరులకు చెప్పనక్కర్లేదు. సారు మానేశారు గానీ తాళ్లల్లకు, అదే తాటివనానికి, పోవడం మానలేదు. పాత మిత్రుల మధ్య మజ్జిగ సీసాతో కూర్చునేవారు. "కల్లు చెట్టు నీళ్లే గద సారూ, గోలిని ఏం జేస్తది?" అని నవ్వితే, "మీకు మెదళ్లు లేకున్నా నడుస్తాంది. నాకు కార్జం లేకుంటే నడువది" అనేవారు.

ఇక తిండి. ఒక పెండ్లిలో మేమిద్దరం ఒకే బంతిలో కూర్చున్నాం. సారు ప్యాంటు జేబులోంచి చెంచా తీశారు. అదే తప్పయింది. "వాతమా? వంకాయ ముట్టకు" అన్నాడు ఎదుటివాడు. పక్కవాడు ఆలుగడ్డ తీసేయమన్నాడు. పప్పు వాయువన్నారు, టమాట విషమన్నారు, చింతపులుసు ఎముకలు కరిగిస్తుందన్నారు, పెరుగు చలువన్నారు. ఎవరు ఏది అంటే అది సారు నింపాదిగా చెంచాతో పక్కకు జరిపారు. చివరికి అన్నం కూడా నెట్టేసి, "ఇగ ఇస్తారాకు ఒక్కటే మిగిలింది. దీనికేమన్న పత్తెం ఉంటే చెప్పుండ్రి, లేకుంటే దీన్నే నములుత" అన్నారు. తరువాత అన్నీ కలుపుకుని కడుపునిండా తిన్నారు. ఆయన రోజూ తినేది జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర, దొరికిననాడు చేప. ఒళ్లు పెరగనిచ్చేవారు కాదు, మోకాళ్లు మోయాలి కదా. "ఏది తింటే నీకు నొస్తదో నీ ఒళ్లును అడుగు, ఊరును అడుగకు" అన్నది ఆయన ఆహారశాస్త్రం మొత్తం.

ఇంతటి ధిక్కారి ఒకచోట మెడ వంచారు. అదీ రాయాలి.

రాములు ఒకసారి బతిమాలి బతిమాలి ఆయన్ని అమ్రాబాద్ దారిలో ఆకుమందు ఇచ్చే ఒక గురువు దగ్గరికి తీసుకుపోయాడు. ఆ మహానుభావుడి పేరు రాసి ఆయనకు గిరాకీ పెంచను. ఒక సీసాడు పసరు, ఉప్పులేని గంజి పత్తెం, డాక్టరు మందు ముట్టకూడదన్న ఆన: ఇదీ వైద్యం. సారు నాలుగు తిట్టి వద్దామనే పోయారట. కానీ గురువు ఆరితేరినవాడు. "జిల్లాకు పేరు తెచ్చిన ఆటగాడు మా గడపకు రావడం మా భాగ్యం" అంటూ శాలువా కప్పాడు. పక్కనుంచి ఎవడో ఫోటో కొట్టాడు. శాలువా తగిలిందంటే మన జిల్లాల్లో ఎంతటి మొనగాడికైనా మెడ వంగుతుంది. సారు తిట్లు మరిచిపోయి నమస్కారం పెట్టి వచ్చారు. సీసాను దారిలోనే పారేశారు, శాలువాను మాత్రం మడిచి ఇంటికి తెచ్చుకున్నారు.

కొద్దిరోజులకే పానగల్ అడ్డరోడ్డు మీద ఫ్లెక్సీ వెలిసింది. శాలువాలో నవ్వుతూ మా సారు, కింద "మా మందుతో మళ్లీ మైదానంలోకి!" అన్న రాత. మంగళవారం మంగళవారం అక్కడి నుంచే రోగుల్ని నింపుకుని జీపులు అమ్రాబాద్‌కు పోయేవి. తీయించండి సారూ అంటే, "బొమ్మ జూసి పోయే గాడిదలను ఆపుడు నా పనా?" అని కొట్టిపారేశారు.

ఆ బొమ్మ చూసి పోయినవాడు ఒకడు ఆయన గడపకే వచ్చాడు. గొర్లు కాసే ఎల్లయ్య. అదే జబ్బు. సారే స్వయంగా దవాఖానకు తీసుకుపోయి మందులు మొదలుపెట్టించిన మనిషి. ఎల్లయ్య గోలి మానేసి, పసరు తాగి, గంజి పత్తెం పట్టి, మోకాళ్లు బిగుసుకుపోయి గొర్ల మందను అమ్ముకున్నాడు. ఇద్దరు పట్టుకుంటే తప్ప ఆ గడప ఎక్కలేకపోయాడు.

"మందెందుకు బంద్ జేసినవ్ ర?" అని సారు గర్జించారు.

"నీ బొమ్మ జూసే బంద్ జేసిన సారూ" అన్నాడు ఎల్లయ్య. "నువ్వు తప్పు తొవ్వ జూపిస్తవా?"

నేను అక్కడే ఉన్నాను. లోకాన్నంతా ఛీ కొట్టిన ఆ మనిషి వంగి ఎల్లయ్య మోకాళ్లను తడిమి చూశారు. ఆపైన తన వేళ్లవైపు చూసుకున్నారు.

తరువాతి మంగళవారం పొద్దున్నే ఆయన తన ఫ్లెక్సీ కిందనే నిలబడి పాత విజిల్ ఊదారు. జీపులెక్కుతున్నవాళ్లు దిగి చూశారు. వంకరపోయిన రెండు చేతులూ పైకెత్తి, "మీద ఉన్నది నేనే, కింద ఉన్నదీ నేనే! నేను ఆ పసరు నాలికకు తగిలియ్యలే. వారానికొక్క గోలితోటి నిలవడ్డ. ఇగో చేతులు, మంచిగ జూసుకోండ్రి" అని మైదానపు గొంతుతో అరిచారు. పక్కన కుర్చీలో ఎల్లయ్యను కూర్చోబెట్టారు. ప్రతి మంగళవారం ఇదే కార్యక్రమం. చివరికి ఫ్లెక్సీని కట్టినవాళ్లే విప్పుకుపోయారు. ఇంట్లోని శాలువా ఆయన స్కూటరు తుడిచే గుడ్డ అయింది.

ఎల్లయ్య మళ్లీ గోలి మొదలుపెట్టాడు. కర్ర సాయంతో నడిచేదాకా వచ్చాడు. ప్రతి శనివారం సారు అతనికి ఫోను చేసి, పలకరింపు కూడా లేకుండా, "ఏస్కున్నవార గాడిదా?" అనేవారు.

దశదిన కర్మ శనివారం పడింది. భోజనాలవుతుండగా గేటు ముందు కారు ఆగి, అమ్రాబాద్ గురువు దిగాడు. చేతిలో కొత్త శాలువా, వెనకాల ఫోను పట్టుకున్న శిష్యుడు. సారు పటానికి కప్పి ఫోటో దిగడానికి వచ్చాడు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే కదా. పైగా చచ్చిన ఏనుగు విజిల్ ఊదదు. ఆయన్ని చూసి కుర్చీల్లోని మన వైద్యులందరూ లేచి దారి ఇచ్చారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా రక్తం ఉడుకుతోంది.

గురువు పటం ముందుకు చేరి శాలువా విప్పాడు. భారతమ్మ ఆయన్ని చూడనైనా చూడలేదు. అడ్డంగా వచ్చి నిలబడి, బంతి చివర కూర్చున్నవాడిని పిలిచింది.

"ఎల్లయ్యా, ఇయ్యాల శనివారం. బువ్వ తిన్నవు గద, గోలి ఏస్కున్నవా?"

ఎల్లయ్య కర్ర పట్టుకుని లేచాడు. మెల్లగా పటం ముందుకు వచ్చి జేబులోంచి గోలి తీశాడు. వేళ్లతో రేకు చింపరాలేదు, పండ్లతో చింపాడు. భారతమ్మ నీళ్లిచ్చింది. అందరూ చూస్తుండగా మింగి, ఖాళీ రేకును గురువు విప్పి పట్టుకున్న శాలువాలో వేశాడు. శిష్యుడు ఫోను దించేశాడు. కాసేపటికి కారు వెళ్లిపోయింది.

మహనీయుడైన మా సారుకు నేను అర్పించగల నివాళి ఏముంది? ఆయన పేర వాక్యాలు రాయగలను, ఆయన కోపాన్ని ఎక్కడి నుంచి తేగలను? వంచనను వంచన అని మొహం మీద అనగల నోరు ఈ ప్రాంతంలో ఒక్కటే ఉండేది, అది మూతపడింది. నాకు చేతనైనది ఒక్కటే తోచింది. నిన్న శనివారం ఎల్లయ్యకు నేనే ఫోను చేశాను.

"గోలి వేసుకున్నావా ఎల్లయ్యా?" అని అడిగాను.

"ఏస్కున్న పంతులూ" అన్నాడు. "గని నువ్వు తిడుతలేవు గద. తిట్టకుంటే గొంతు దిగుతలేదు."