శాలిబండ మలుపులో టిఫిన్ క్యారియర్

వానలు వెనకబట్టగానే పాతబస్తీలో సైకిల్ పందేలు మొదలవుతాయని నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన అవసరం మా చెల్లెలు కల్పించింది. దాని కూతురు సుగుణ సంతోష్‌నగర్‌లో గది తీసుకుని, ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేస్తూ, ఇప్పుడు పందెం సైకిల్ ఎక్కిందట. "నువ్వయితే గట్టిగ చెప్తవక్కా, పోయి మాన్పియ్యి" అని నన్ను పంపింది. గట్టిగా చెప్పడం నాకు చేతనయిన పనే.

శనివారం పొద్దున్నే వరంగల్‌లో ప్యాసింజర్ ఎక్కి, మధ్యాహ్నానికి సికింద్రాబాద్‌లో దిగాను. సిటీ బస్సులో అఫ్జల్‌గంజ్. అక్కడి హోటల్లో ఆలుగడ్డ కూర బాగుంది, పూరీ మాత్రం పొద్దుటిది. ఆ మాట హోటలాయనకూ చెప్పాను. శాలిబండకు రిక్షా మాట్లాడితే అతనన్నాడు: "రేపయితే తోవలన్ని బందమ్మా. సైకిల్లోల్లు గోల్ గోల్ తిరుగుతరు."

"ఎక్కడికి పోతారు?"

"యాడికీ పోరు. బైలెల్లిన కాడికే వస్తరు."

సాయంత్రం అక్కడి బడి మైదానంలో డ్రిల్ మాస్టారు సత్తయ్య సార్ కొత్త పిల్లలకు నేర్పుతున్నాడు. అందరూ ఆడపిల్లలే, సుగుణ మధ్యలో ఉంది. భుజాలు రాసుకుంటూ తొక్కుతున్నారు. "మలుపుల బ్రేక్ కొడితే ఎన్కున్నామె పడ్తది! బ్రేక్ ముందుగాల్నే!" అని అరుస్తూ, ఉన్నట్టుండి, "వచ్చే చుట్టుకు స్టీలు బిందె!" అన్నాడు. ఒక పిల్ల దూసుకుపోయింది. ఆ పిల్ల చేత సైకిల్‌ను భుజాన మోయించి మైదానమంతా నడిపించాడు.

నేనూరుకుంటానా? "ఏంది సార్, ఇనామని చెప్పి శిక్షేస్తవా?"

"రేపు దుకాండ్లోల్లు గిట్లనే నడుమ నడుమ ఇనాం పలుకుతరమ్మా. కొత్తోళ్లు దానికి ఉరికి, దమ్ము పోగొట్టుకుని ఎనకబడ్తరు. ముందున్నోళ్లు ఓ చుట్టు ఎక్కువ తిరిగి వాళ్లను అందుకుంటే, ఎనకబడ్డోళ్లను సీటీ కొట్టి బయటికి తీస్తం" అని మెడలోని ఈల చూపించాడు.

"ఉరకనిదానికి పందెమెందుకు?"

"ఉరుకుడు నేర్పకున్నా వస్తదమ్మా. ఆగుడే రాదు."

వాదన తెమిలేసరికి ఆయన చాయ్ చల్లారిపోయింది.

రాత్రి తన గదిలో అన్నం తింటూ సుగుణే బేరం పెట్టింది. "రేపు సీటీ పడకుండ ఆఖరుదాక ఉంటే సార్ జిల్లా జట్టు ఎంపికకు పంపుతడు పెద్దమ్మా. సీటీ పడితే సైకిల్ అమ్మేస్త. సరేనా?" సరేనన్నాను. నా పని ఆ సీటీయే చేసిపెడుతుందని నిశ్చింతగా పడుకున్నాను.

ఆదివారం పొద్దున మళ్లీ శాలిబండ చేరాం. మీరెప్పుడైనా చూడబోతే ఎత్తు మీద నిలబడకండి, దిగువన మలుపు దగ్గర నిలబడండి. అక్కడ గాలి విసురు చీర కొంగుకు తగులుతుంది. ఏం వేగం! కొన్ని చుట్లయ్యాక గిన్నెల దుకాణం భాయ్ స్టూలెక్కి, తళతళలాడే టిఫిన్ క్యారియర్‌ను గరిటెతో వాయించాడు. "అగ్లా చక్కర్! జో పహ్లే ఆయేగీ, యే ఉస్కా!" వచ్చే చుట్టులో ముందొచ్చినామెదే ఆ క్యారియరట.

నాలుగు గిన్నెల క్యారియర్! సుగుణ మూడోదిగా వస్తోంది. "ఉరుకవే సుగుణా! ఏం జూస్తున్నవ్?" అని గొంతు చించుకున్నాను. వెనకనుంచి ఇద్దరు దూసుకుపోయారు. సుగుణ తల కూడా తిప్పలేదు. మొద్దు పిల్ల అనుకున్నాను.

క్యారియర్ గెలిచిన పిల్ల ఆ తర్వాత ఎత్తెక్కలేక నోరు తెరుచుకుని తొక్కింది. రెండో ఆమె సంగతీ అంతే. పందెం ముగిసేలోగా ఇద్దరికీ సీటీ పడింది. సుగుణ అయిదోదిగా వచ్చింది, సీటీ పడకుండా. సత్తయ్య సార్ మాత్రం నా మీదికొచ్చాడు. "నిన్న గంత చెప్తి గదమ్మా! నా పిల్లనే ఉరుకుమంటవా?"

"అది నాలుగు గిన్నెలది సార్!"

సాయంత్రం తిరుగు రైల్లో జామపండ్ల గంప పెట్టుకున్నామె నా పక్కన కూర్చుంది. కథంతా చెప్పాను.

"గా గిన్నెలు ఎవలకొచ్చినయి మరి?"

"సీటీ పడిన పిల్లకు."

"గా పిల్లే నయం. మీ పిల్లకేమొచ్చింది?"

ఇంకేముంది, వరంగల్ వచ్చేదాకా ఆమెతో వాదించాను. ఆగడమంటే ఏమిటో, దమ్మంటే ఏమిటో, అన్నీ సత్తయ్య సార్ మాటలతోనే. ఆమె ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోవడమే మంచిదయింది. ఇంట్లో చెల్లెలు ఎదురుచూస్తోంది, నాకు తాలీము కావాలిగా.