గోడమీద ఎర్రగీత

పేట పక్కనే పారే గెడ్డ (వాగు) వరద తీశాక, మళ్లీ పొంగితే నీళ్లు ఎందాకా వస్తాయో తెలియాలని గాజువాక పక్క పేటలో ప్రతి గదిగోడకీ ఎర్ర పెయింటుతో గీత గీసినవాడు సన్యాసిరాజే. ఆ గీత చూసి ఎవరూ అద్దెకు దిగకపోతే ఇళ్లవాళ్లు దానిమీద సున్నం కొట్టేశారు. “గెడ్డతో ఆటలేట్రా!” అని వాళ్లని తిట్టిపోసిన మనిషి, తన అద్దెగది ఏడాది ఖాళీగా ఉండేసరికి తనూ సున్నం కొట్టేశాడు.

స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులు. పనికొచ్చిన గోదావరి జిల్లా కుటుంబం ఆ గదిలో దిగింది.

“ఇక్కడికి నీళ్లొస్తాయా బాబాయిగారూ?” అంది చంటిబిడ్డ తల్లి తాయారు.

“గెడ్డ ఇందాకా ఏటొస్తాదమ్మా! నాను లేనా?” అన్నాడు సన్యాసిరాజు.

ఆ ఏడు తుపానుకి గెడ్డ పేటమీద పడింది. తాయారు దక్కింది, బిడ్డ దక్కలేదు. నీళ్లు తీశాక చూస్తే, సున్నం కరిగిపోయి ఎర్రగీత నిన్న గీసినట్టే ఉంది. దానికి జానెడు కింద ఖాళీ ఉయ్యాల.

ఆ గీతనే చూస్తూ తాయారు అడిగింది. “ఇది ఎవరు గీశారు బాబాయిగారూ?”