బత్తాయిల కింద సర్టిఫికెట్లు

మా హాస్టల్లో కొత్తగా చేరే నర్సు పిల్లలు మొదటి వారంలోనే నా గదికి వచ్చి, ఈ పట్నంలో ఎట్లా మసలుకోవాలో చెప్పమంటారు. సీనియర్‌ని కదా, నాకన్నీ తెలుసని వాళ్ల నమ్మకం. నేను చెప్పేవి రెండు మూడు మాటలే. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద కొనే ఉద్దేశం లేకుండా ధర అడగకండి, అడిగారంటే వాడు బస్టాపు దాకా మీ వెంటే వస్తాడు. ఆదివారం సాయంత్రం అటువైపు అసలు పోకండి. అంతే. ఇంకా చెప్పమని బతిమాలితే నాకు నవ్వొస్తుంది. నేను మొదటిసారి ఈ ఊరికి వస్తున్నప్పుడు నాకు జాగ్రత్తలు చెప్పిన మనిషి రెండు రోజులు ఆపకుండా చెప్పాడు. అవన్నీ పాటించి నేను పడ్డ పాట్లు నాకు తెలుసు.

ఆ మనిషి మా నాయిన. నల్లగొండ దగ్గరి పల్లెలో మాకు చిన్న బత్తాయి తోట ఉండేది. కాయ కోసినప్పుడల్లా లారీలో లోడు వెంట కొత్తపేట పండ్ల మార్కెట్‌కు వెళ్లి వచ్చేవాడు. అట్లా ఏళ్ల తరబడి వెళ్లి రావడంతో మా ఊళ్లో ఆయనకు హైదరాబాదు మనిషి అని పేరొచ్చింది. పెళ్లి బట్టలకు పోయేవాళ్లూ, కంటి ఆపరేషన్‌కు పోయేవాళ్లూ ముందు మా ఇంటికి వచ్చి, ఆయన మంచం పక్కన కూర్చుని, సలహా తీసుకుని గానీ బస్సెక్కేవాళ్లు కాదు. ఇద్దరికీ ఆయన ఒకటే చెప్పేవాడు: "వాడెంత చెప్తే అండ్ల సగానికి అడుగు." కంటి డాక్టరు దగ్గర బేరమాడి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ఆ తర్వాత చాలా కాలం మా ఇంటి వైపు రాలేదు.

నేను నర్సింగ్ పూర్తి చేసిన ఏడాది తెలంగాణ ఉద్యమం ఊరూరా ఊపు మీద ఉంది. చైతన్యపురిలో ఒక ప్రైవేటు దవాఖాన నుంచి నాకు ఇంటర్వ్యూకు రమ్మని కబురొచ్చింది. అప్పటికి నాలుగు చోట్ల కాగితాలు పంపితే జవాబిచ్చింది ఆ ఒక్కటే. అదీ పోతే మేనమామ తెచ్చిన సంబంధానికి తలవంచుతానని మా అమ్మకు మాటిచ్చి ఉన్నాను. అందుకని నాకు ఆ ఇంటర్వ్యూ ప్రాణం మీదికొచ్చిన పనిగా ఉండేది. నాయినకు మాత్రం తన విద్య కూతురికి నేర్పే అవకాశం దొరికింది.

"బస్సు దిగినంక నిలవడి అటిటు చూడొద్దు బిడ్డా. తొవ్వ తెల్వకున్నా తెలిసినట్లే నడువాలె. చూసినవనుకో, ఆటోలోళ్లు మీద వడ్తరు."

"మరి తొవ్వ ఎట్ల తెలుస్తది నాయినా?"

"నేనుంట గద. ఎవ్వల్ని అడగొద్దు. అడిగితే కొత్తోళ్లని పసిగడ్తరు. అండీ అండీ అని తియ్యగ మాట్లాడెటోళ్లను అసలే నమ్మొద్దు."

ఇట్లాంటివి ఒక ఇరవై దాకా ఉన్నాయి. బయట నీళ్లు తాగకూడదట, అందుకని పొలానికి తీసుకుపోయే పెద్ద క్యాను నిండా నీళ్లు పోసుకుని మోశాడు. ఎవరైనా నవ్వుతూ పలకరిస్తే నవ్వకూడదట. అన్నిటికంటే గొప్ప జాగ్రత్త సర్టిఫికెట్ల విషయంలో తీసుకున్నాడు. చేతిలో ఫైలు పట్టుకుంటే దొంగలు అందులో డబ్బుందనుకుని లాక్కుపోతారని ఆయన వాదన. పండ్ల సంచిని మాత్రం ఎవడూ ముట్టడు, ఎందుకంటే అది బరువు. కాబట్టి నా పదో తరగతి నుంచి నర్సింగ్ దాకా ఉన్న కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో చుట్టి, గోనెసంచి అడుగున పెట్టి, పైన సంచి నిండా బత్తాయిలు పోశాడు. ఆ పండ్లు డాక్టరుకు ఇస్తే మర్యాదగా కూడా ఉంటుందన్నాడు. మార్కెట్‌కు పోయీ పోయీ ఆయనకు లోకంలో ఏ పనికైనా బత్తాయిల సంచి ఉంటే చాలనిపించేది.

తెల్లవారుజామున మొదటి బస్సెక్కాం. ఇంటర్వ్యూ పదకొండు గంటలకు. తొమ్మిది కాకముందే ఎల్బీనగర్ చౌరస్తా చేరాం గానీ బస్సు అక్కడే ఆగిపోయింది. రోడ్డుకు అడ్డంగా టెంట్ వేసి ఉంది. టెంట్ ముందు రాళ్లు పేర్చి పొయ్యిలు పెట్టారు, పొయ్యిల మీద పెద్ద పెద్ద గంజులు. ఆ రోజు వంటావార్పు. రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తిని, సాయంత్రం దాకా ఒక్క బండినీ కదలనివ్వకపోవడం ఆ రోజుల్లో ఉద్యమం పద్ధతి. మా ఊరి దగ్గర హైవే మీద నాయిన కూడా అదే పని రెండుసార్లు చేశాడు. అప్పుడు బస్సులో ఎవరెవరు ఎక్కడికి పోతున్నారో ఆయన అడగలేదు, నేనూ అడగలేదు.

"నడుద్దాం నాయినా, టైముంది," అన్నాను.

"నడుద్దాం గని, జర ఆగు," అన్నాడు.

ఆయన ఆగింది జై తెలంగాణ అనడానికి. అది ఒక్కసారి అని ఊరుకుంటే సరిపోయేది. ఆయన గొంతు మార్కెట్లో లారీల మధ్య అరిచి అరిచి గట్టిపడ్డ గొంతు. టెంట్ కింద ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. తలపాగా, భుజం మీద గోనెసంచి, చేతిలో నీళ్ల క్యాను. నల్లగొండ నుంచి రైతన్న నీళ్లతో సహా ఉద్యమానికి తరలి వచ్చాడని ఒకాయన మైకులో ప్రకటించాడు. ఎవరో వచ్చి మెడలో బంతిపూల దండ వేశారు, నుదుట బొట్టు పెట్టారు. నాయిన కాదనలేదు. ఆ తర్వాత మైకు ఆయన చేతికొచ్చింది.

మా నాయిన మైకు పట్టుకోవడం నేను అదే మొదటిసారి చూడటం. దాన్ని ఆయన మళ్లీ వదులుతాడని నాకు నమ్మకం కలగలేదు.

"అన్నలారా, నేను రైతును. నా బిడ్డ నర్సు సదువు సదివింది. మార్కులొచ్చినయ్. మరి కొలువేదీ? మన పిల్లలకు కొలువులేవీ?"

చప్పట్లు మోగాయి. నేనూ కొట్టాను, ఎందుకంటే ఆయన చెప్పింది నిజం. కాకపోతే ఆ బిడ్డకు రావలసిన కొలువు నడిస్తే గంట దూరంలో ఉంది, గంటన్నరలో చేజారబోతోంది. ఆ సంగతి ఒక్కటే ఆయన మైకులో చెప్పలేదు. నేను టెంట్ గుంజ దగ్గరికి వెళ్లి గడియారం చూపించాను. లారీ డ్రైవరును ఆగమన్నట్టు నాకు అరచెయ్యి చూపించాడు.

"ఒక్క మాట చెప్పి ఒస్త బిడ్డా."

ఆ ఒక్క మాట మూడుసార్లు చెప్పాడు. మూడోసారి జనం ఉత్సాహం చూసి ఆయనకూ ఉత్సాహం పెరిగిపోయింది. భుజం మీది సంచి దించి పైకెత్తి చూపించాడు.

"గీ పండ్లు నా తోటలయి. గియ్యన్ని ఉద్యమానికే!"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా మోగాయి. ఇద్దరు మనుషులు సంచిని అందుకుని వంట దగ్గరున్న ఆడవాళ్ల వైపు మోసుకుపోయారు. నాయిన ముఖం వెలిగిపోతోంది. అడుగున ఏముందో ఆయనకు గుర్తే లేదు. నేను సంచి వెనక పరిగెత్తాను.

నేను చేరేసరికి సంచి మూతి విప్పి పండ్లు కోసి, రసం ఒక స్టీలు గంగాళంలో పిండుతున్నారు. నేను సంచి పట్టుకుని గుంజాను. వంటకు పెద్దలా ఉన్న ఒకామె చేతిలో కత్తితోనే లేచింది.

"ఏందమ్మా, ఇచ్చినయి మల్ల గుంజుకుంటున్నవ్?"

"అడుగున నా సర్టిఫికెట్లున్నయమ్మా."

"పండ్ల కింద సర్టిఫికెట్లేంది?"

"దొంగలు ఎత్కపోతరని మా నాయిన పెట్టిండు."

ఆమె ఒక్క క్షణం మైకు వైపు, ఒక్క క్షణం నా వైపు చూసి, పడీపడీ నవ్వింది. పక్కవాళ్లకు చెప్పింది, వాళ్లూ నవ్వారు. నాకు ఏడుపొచ్చింది. అప్పుడు నవ్వడం మానేసి అందరూ కలిసి సంచిని రోడ్డు మీద బోర్లించారు. కవరు బయటపడింది. పండ్ల బరువుకు ఒకటి పగిలి రసం లోపలికి దిగింది, పదో తరగతి మెమో ఒక అంచు తడిసింది. ఆమె తన కొంగుతో అద్ది ఇచ్చింది.

"ఎన్ని గంటలకు బిడ్డా?"

"పదకొండింటికి. చైతన్యపురిల."

"మరి ఈడేం జేస్తున్నవ్? ఉరుకు. మీ నాయినకు నేను చెప్త."

దవాఖాన పేరు ఆమెకు రెండుసార్లు చెప్పి బయల్దేరాను. వెనక మైకులో నాయిన గొంతు కొలువుల గురించే ఇంకా మాట్లాడుతోంది. నాకు ఒళ్లు మండిపోయింది. ఊరి వాళ్లందరికీ దారి చెప్పే మనిషి, నా ఒక్కదానికి దారి చూపించవలసిన రోజున దండ వేయించుకుని కూర్చున్నాడని మనసులో తిట్టుకుంటూ నడిచాను. మా నాయిన మీద అంత కోపం నాకు ముందూ లేదు, తర్వాతా రాలేదు.

ఇప్పుడు పైన మెట్రో పోయే ఆ రోడ్డు మీద ఆ రోజు నేనూ, కొన్ని కుక్కలూ, క్రికెట్ ఆడే హాస్టలు కుర్రాళ్లూ తప్ప ఎవరూ లేరు. షట్టర్లన్నీ దించి ఉన్నాయి. నేను నాయిన చెప్పినట్టే అటూ ఇటూ చూడకుండా, దారి తెలిసినట్టే నడిచాను. ఎంత తెలిసినట్టు నడిచానంటే, కొత్తపేట దాటి, చైతన్యపురి కూడా దాటి, దవాఖాన ముందు నుంచే పోయి దిల్‌సుఖ్‌నగర్ బస్టాండు చేరాను. అక్కడ ఖాళీ ఆటోలో కాళ్లు చాపుకుని పడుకున్నాయనను అడిగాను.

"సీదా పో చెల్లె, ముందల్నే ఉంటది," అన్నాడు కళ్లు తెరవకుండా. మన యాసే కదా అని నమ్మాను.

సీదాగా పోతే మలక్‌పేట వస్తుందని తర్వాత తెలిసింది. నా అదృష్టం కొద్దీ, కాస్త ముందు ఒక హాస్టలు గేటు దగ్గర కాఫీ తాగుతున్న పెద్దావిడ నా చేతిలో కవరు చూసి తనే పలకరించింది.

"ఎక్కడికమ్మా?" అంది. దవాఖాన పేరు చెప్పాను.

"అయ్యో, దాటేసి వచ్చేశారండీ. వెనక్కి వెళ్లండి. మందుల షాపు పక్క మేడ. ఈ ఎండలో అలా పరిగెత్తకండి, మంచినీళ్లు తాగి వెళ్లండి."

నమ్మకూడని అండీ మాట. బయట తాగకూడని నీళ్లు. రెండూ పుచ్చుకుని పరిగెత్తాను.

పదకొండుంపావుకు చేరాను. పిలిచిన వాళ్లలో నాతో కలిపి ఇద్దరమే వచ్చాం. నర్సులకు పెద్ద అయిన మేడం కోస్తా మనిషి, సన్నగా, కళ్లద్దాలతో, బందులతో విసిగిపోయి ఉంది. ఉన్న ఇద్దరు నర్సులతో మూడు వార్డులు నడుపుతున్నానని చెప్పింది. నా కాగితాలు ఒక్కొక్కటే తిప్పింది.

"ఇదేమిటమ్మా, బత్తాయి వాసన వస్తోంది?"

"రసం ఒలికింది మేడం."

ఆ సంగతి ఇంకేమీ అడగలేదు. నేను నడిచి వచ్చానని విని మాత్రం కళ్లద్దాలు తీసి చూసింది. సూది గురించీ, సెలైన్ గురించీ నాలుగు ప్రశ్నలు వేసింది, చెప్పాను. ఇక ఉద్యోగం వచ్చినట్టేనని అనుకుంటుండగా ఒక ఫారం తీసింది.

"హాస్టలు మా దగ్గరే. కానీ నీకు ఈ ఊళ్లో తెలిసిన పెద్దవాళ్లెవరైనా ఉండాలి. మొన్న ఒకమ్మాయి ఎవరూ లేరని రెండ్రోజులకే ఏడుస్తూ వెళ్లిపోయింది. మళ్లీ ఆ తలనొప్పి నాకొద్దు. ఎవరూ లేకపోతే తీసుకోలేను."

మాకు ఈ ఊళ్లో ఎవరూ లేరు. అరగంట కిందటి దాకా తిట్టుకున్న మనిషే గుర్తొచ్చాడు.

"మా నాయిన ఉన్నడు మేడం," అన్నాను. "ఆయనకు హైదరాబాదంతా తెలుసు. వారం వారం ఒస్తడు. ఆయనకు తెల్వని గల్లీ లేదు."

"అయితే ఆయన్ని రమ్మను. సంతకం పెట్టాలి."

ఇద్దరి దగ్గరా ఫోను లేదు, ఎట్లా రమ్మనాలో తెలియక వరండాలో బల్ల మీద కూర్చున్నాను. ఒంటిగంట దాటింది. ఇంటర్వ్యూకు వచ్చిన రెండో అమ్మాయి వాళ్ల అన్నయ్య సంతకం పెట్టి వెళ్లిపోయాడు. రెండు కావస్తుండగా మెట్ల మీద నాయిన కనిపించాడు. తలపాగా చేతిలో ఉంది, దండ ఇంకా మెడలోనే ఉంది, ముఖం అంతా చెమట. నన్ను చూడగానే గోడ పట్టుకుని నిలబడ్డాడు. కోపంగా ఏదో అందామనుకున్న నేను లేచి ఆయనకు బల్ల మీద చోటిచ్చాను. ఫారం సంగతి చెప్పే వ్యవధి కూడా లేకుండా మేడం లోపలికి పిలిచింది.

దండనూ బొట్టునూ చూసి ఆమె కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంది.

"రండి. మీకు ఈ ఊరంతా బాగా తెలుసటగా, మీ అమ్మాయి చెప్పింది."

నాయిన నా వైపు చూశాడు. నేను నేల చూశాను. ఊళ్లో ఎవరు ఈ మాటన్నా ఆయన జవాబు గంట కంటే తక్కువ ఉండేది కాదు.

"లేదు మేడం," అన్నాడు. "నాకు మార్కెట్ గేటు దాక్నే తెలుసు. ఆడ లారీ దిగుత, ఆడనే ఎక్కుత. గేటు దాటి ఇన్నేండ్లల్ల ఎన్నడు రాలే. ఇయ్యాల బిడ్డను ఎట్ల తోల్కపోవాల్నో తెల్వక, అడుగుదామంటే నామోషి అయి, మైకు వట్టుకోని కూసున్న. ఆమె ఒక్కతే ఒచ్చింది. నేను కనవడ్డోన్నల్లా అడుక్కుంట ఒచ్చిన."

నేను తలెత్తలేకపోయాను. నా అబద్ధం బయటపడ్డందుకు కాదు. మేడం ఫారం ఆయన ముందుకు జరిపి, ఖాళీగా ఉన్న గడి మీద వేలు పెట్టింది.

"పోనీ, ఇక్కడ నగరంలో తెలిసినవాళ్ల పేరు రాయాలి. ఎవరిదైనా రాయండి."

నాయిన పెన్ను తీసుకుని చాలాసేపు ఆలోచించాడు. చివరికి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ ఆ గడిలో నా పేరు రాశాడు. మేడం దాన్ని కొట్టేయలేదు.