జర్మనీ రచయిత కోసం ఉపవాసం

ఎనిమిదో తరగతిలోనే బడి మానేసిన అబ్బులు బందరులో పుస్తకాలు బైండు చేసేవాడు. చేతికొచ్చిన ప్రతి పుస్తకాన్నీ చదివి, దానికి నాలుగింతలు కల్పించి చెప్పందే అతనికి అన్నం సయించేది కాదు. 1957 వేసవిలో ఒక జర్మనీ నవలాకారుడి జీవితచరిత్ర బైండుకొచ్చింది. ఆ రచయిత ఇప్పుడు కూడా క్షయతో రక్తం కక్కుకుంటూ ఆఖరి నవల రాస్తున్నాడని, తనకు ఉత్తరం వచ్చినట్టే పేటంతా చెప్పాడు.

పక్కింటి రాహేలమ్మ నమ్మేసింది. చర్చిలో ఆయన కోసం అందరిచేతా ప్రార్థన చేయించింది. నవల పూర్తయ్యేదాకా మంచినీళ్లయినా ముట్టనని ఉపవాసం పట్టింది. మూడోరోజుకి ఆ డెబ్బై ఏళ్ల మనిషి కళ్లు తేలేసింది. అబ్బులు మంచం పక్కన కూలబడ్డాడు.

"పెద్దమ్మా, ఆయన పోయి ముప్పై ఏళ్లయింది. నేనే కోతలు కోశాను."

ఆవిడ మెల్లగా కళ్లు తెరిచింది.

"నవల పూర్తిచేశాడా?" అంది.

"చేశాడు. చేసిన నాలుగు రోజులకి పోయాడు."

"ఇందులో నీ కల్పనెంత?"

"ఒక్క ముక్కా లేదు. పుస్తకం తెచ్చి చూపిస్తా."

"అయితే కాస్త గంజి పొయ్యి. ఆదివారం చర్చిలో లేచి నువ్వే చెప్పు. ఊరంతా చచ్చినోడికి ఆరోగ్యం అడిగాం కదరా!"